జాతరకు మాసయ్య మంచం

మా మాసయ్య ఊరు దాటి ఎక్కడికి పోయినా మంచం వెంట తీసుకుపోయేవాడు. ఇంట్లో గొడుగు మరిచిపోయేవాళ్లను చూశాను, చెప్పులు మరిచిపోయేవాళ్లను చూశాను. మంచం మరిచిపోకుండా బయలుదేరే మనిషిని మాత్రం నా జన్మలో ఆయననొక్కడినే చూశాను. పెండ్లికి పోయినా మంచమే, చావుకు పోయినా మంచమే. తుమ్మకట్టె కోళ్లు, వేప పట్టెలు, పైన బిగించి అల్లిన నులక. దాన్ని బోర్లించి నెత్తిన పెట్టుకుని నడుస్తుంటే నాలుగు కోళ్లూ ఆకాశానికి లేచి, దూరం నుంచి కొమ్ములున్న జంతువేదో వస్తున్నట్టు ఉండేది. మా ఊరి కుక్కలు అలవాటు పడ్డాయి. పొరుగూరి కుక్కలు చివరిదాకా అలవాటు పడలేదు.

ఆయన గురించి రాయడానికి నాకన్నా తగినవాడు లేడు. ఎందుకంటే నేను మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివినవాణ్ని. ఒకసారి సర్పంచుగా గెలిచినవాణ్ని. ఆత్మకూరు బస్సును మా ఊరి మలుపు దగ్గర ఆపించినవాణ్ని. అంతకుముందు అది మమ్మల్ని చూసి వేగం పెంచేది. బండలాగుడు పోటీలో నా కోడెలు మొదటి బహుమతి తెచ్చాయి, ఆ ఇత్తడి బిందెలోనే ఇప్పటికీ మా ఇంట్లో నీళ్లు తాగుతాం. వీటన్నిటినీ మించి, నేల మీద పడుకోవడంలో మా చుట్టుపక్కల నన్ను మించినవాడు లేడు. రాయి మీద పడేసినా నిద్రపోతాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, తెలిసినవాళ్లను అడగవచ్చు.

ఒకసారి ఇద్దరం వనపర్తి పోతున్నాం. మాసయ్య బస్సు వెనక నిచ్చెన ఎక్కి మంచాన్ని పైన కట్టి వచ్చాడు. కండక్టర్ చూశాడు.

"ఏందయ్యా పైన కట్టినవ్?"

"మంచం."

"దానికి టికెట్ తీయాలె."

"తీస్త. జర ఒక్కమాట చెప్పు. నిలబడి వచ్చేటోనికి, పండుకొని వచ్చేదానికి ఒకటే రేటా?"

కండక్టర్ కాసేపు నిజంగానే ఆలోచించాడు. మాజీ సర్పంచును కాబట్టి నేను కలగజేసుకుని, "లగేజీ టికెట్ కొట్టు, వివాదం వద్దు" అని తీర్పు చెప్పాను. వనపర్తిలో దిగాక మాసయ్య ఆ టికెట్టును నులకలో చెక్కి, "నీది నువ్వే భద్రంగ పెట్టుకో" అని మంచానికి అప్పజెప్పాడు.

ఆ రోజు మేం పోయింది దవాఖానలో ఉన్న మా ఊరి పెద్దన్నను చూడటానికి. మాసయ్య వరండాలో మంచం వాల్చి, నీళ్లు తాగి వస్తానని పోయాడు. నేను చూసేసరికి ఎవరో ముసలాయన, కోడలికి తోడుగా వచ్చినవాడట, ఆ మంచం మీద వెల్లకిలా పడి గుర్రు పెడుతున్నాడు. మాసయ్య తిరిగి వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని మంచం చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"చూసినవా పటేలా? ఇట్ల పోయి అట్ల వచ్చేలోపల ఎక్కిండు! కట్టుకున్నది నేను, మోసింది నేను, పండేది మాత్రం ఈయన."

"లేపరాదు?"

"నిద్ర లేపిన పాపం నాకెందుకు?"

శ్రీరంగాపూర్‌లో పెండ్లికి పోయినప్పుడూ ఇదే తంతు. చెరువు పక్కన గుడి దగ్గర పెండ్లి. వచ్చినవాళ్లంతా జంపఖానాల మీద పడుకుంటే మాసయ్య ఒక్కడు దర్జాగా మంచం వాల్చాడు. పొద్దుగూకేసరికి దాని మీద పెండ్లికొడుకు మేనత్త కోడలు, పక్కలో నెలల పిల్ల. తిరుగు ప్రయాణమంతా మాసయ్య నడుము పట్టుకుని తిట్టుకుంటూనే ఉన్నాడు. "తెచ్చినోనికి దక్కని మంచం" అని ఊళ్లో అదొక సామెత అయిపోయింది. ఎవరి పొలం ఎవరైనా దున్నుకుంటే, మాసయ్య మంచమైంది అనేవాళ్లు.

అసలు యుద్ధం మాత్రం ఏటా కురుమూర్తి స్వామి గుట్ట కింద, జాతరలో జరిగేది.

దీపావళి పోయి చలి మొదలయ్యే రోజులు. నేను ఎడ్లబండి కట్టుకుని, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని పోయేవాణ్ని. అప్పటికే చాలామంది ట్రాక్టర్ల మీద, ఆటోల మీద వచ్చి దర్శనం చేసుకుని సాయంత్రానికి ఇంటికి చేరేవాళ్లు. దాన్ని నేను జాతర అనను. బండి విప్పి, నొగలు పైకి లేపి కట్టెతో ఆనించి, మీద దుప్పటి కట్టాలి. కింద రాళ్లు ఏరి జొన్నచొప్ప పరచాలి. మూడు రాళ్ల పొయ్యి మీద కూర ఉడకాలి. రాత్రి గొంగడి కప్పుకుని చుక్కలు చూస్తూ పడుకుంటే, సర్పంచు పదవి కూడా దాని ముందు దిగదుడుపే. రెండూ చూసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను.

మాసయ్య మా బండిలోనే వచ్చేవాడు. మంచం కూడా. వచ్చిన దగ్గర నుంచి సణుగుడే. పల్లేరుకాయలు గుచ్చుకుంటున్నాయి, చీమలు కుడుతున్నాయి, మంచు కురుస్తోంది, పక్కబండివాళ్ల పొగ ఇటే వస్తోంది.

"నేల మీద పండలేనోడివి జాతరకెందుకొస్తవయ్యా?" అనేవాణ్ని.

"దేవుణ్ని చూడనీకి వస్త. నేలను చూడనీకి కాదు."

"భూమి తల్లి అంటరు. తల్లి ఒడిల పండనీకి ఏం రోగం?"

"నేల మీద పడేస్తే మొలవనీకి నేనేం జొన్నగింజనా?"

ప్రతి ఏడూ ఇదే మాట. పక్కబండ్లవాళ్లు కూడా దీనికోసం ఎదురుచూసేవాళ్లు.

ఒక ఏడు నేను చొప్ప మామూలుకన్నా మందంగా పరిచి, ఇది పరుపుకు తాత అని మాసయ్యకు చూపించి మరీ పడుకున్నాను. ఎద్దును తలాపునే కట్టేసిన సంగతి మరిచాను. తెల్లారి కళ్లు తెరిస్తే కటిక నేల మీద ఉన్నాను. నా పరుపును నా ఎద్దు తల దగ్గర మొదలుపెట్టి కాళ్లదాకా శుభ్రంగా మేసింది, నాకు తెలియకుండా. మాసయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నా మంచాన్ని ఎద్దు మేస్తదా పటేలా?"

"పరుపు మేసినా తెలివిరాని నిద్ర నీకెన్నడన్న పట్టిందా?" అని నేనూ గట్టిగానే జవాబిచ్చాను. ఆ వాదనలో గెలిచింది నేనేనని ఇప్పటికీ నమ్ముతాను.

ఆ పూటే, నవ్వులయ్యాక, పొయ్యి దగ్గర నిజంగా అడిగాను. "అందరికీ ఇంత ముచ్చటైనది నీకెందుకు పడదు మాసన్నా?"

ఆయన పొయ్యిలో పుల్లను ముందుకు జరిపాడు.

"నువ్వు మూడు రాత్రులు పండుతవు. నాలుగోనాడు ఇల్లున్నది, తలుపున్నది. అందుకే నీకు చుక్కలు మంచిగ కనబడతయి. మేం గుంపు మేస్త్రీ ఎంబడి పోయినోళ్లం. డ్యాంల కాడ, రోడ్ల కాడ మట్టిపని. ఆ డేరా పీకితే ఇంకో డేరా. వానొస్తే సిమెంటు పైపులల్ల పండినం. మేం ఎన్నడూ చుక్కలు చూడలే పటేలా. మబ్బులు చూసినం, పడతదా పడదా అని. పని ఇడిసి ఊరికొచ్చినంక మొదలు చేయించింది ఈ మంచమే. ఇల్లు తర్వాత."

"అయినా..." అని మొదలుపెట్టి, ఆపి, బండలాగుడు పోటీ సంగతి ఎత్తాను. ఆయన అది ఎన్నోసారో వింటూ, మొదటిసారి విన్నట్టే తల ఊపాడు.

ఇక రెండువేల ఐదు నాటి జాతర. అంతకు ముందు ఏడాది మా సత్తెమ్మక్క బోరింగు దగ్గర జారిపడింది. కర్నూలు దవాఖానలో తుంటికి రాడ్డు వేశారు. కట్టె పట్టుకుని నడుస్తుంది, కానీ నేల మీద కూర్చుంటే ఇద్దరు లేపాలి. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఈ అక్కే. జాతరకు నన్ను చంకనెత్తుకుని మొదట తీసుకుపోయింది కూడా ఆమే. ఆమె లేకుండా బండి కట్టడం నావల్ల కాదు.

"నీకొక మంచం ఏస్త, రా అక్కా" అన్నాను.

"మంచం మీద పండబెట్టి తీస్కపోయేది ఒక్కపారే తమ్ముడా. అప్పటిదాక తొందరపడకు."

"గట్ల కాదక్కా..."

"ఎట్ల కాదు? కొత్త కోడలినైన కాన్నుంచి గుట్ట కింద నేల మీదనే పండిన. ఇప్పుడు మంచమెక్కితే, సత్తెమ్మ పనైపోయిందంటరు. నన్ను నలుగురిల మూటలెక్క లేపొద్దు, మంచమనొద్దు. గట్లయితేనే వస్త."

ఒప్పుకున్నాను. రాత్రి ఎట్లా అన్నది ఆలోచించలేదు. మా ఇంటి అరుగు మీద నుంచి ఆమె నేరుగా బండిలోకి అడుగుపెట్టింది. గుట్ట కింద బండి మీద నుంచి మెల్లగా జారి దిగింది. మళ్లీ ఎక్కడం ఆమె వశం కాదు. మధ్యాహ్నమంతా కట్టె పట్టుకుని, బండి చక్రానికి ఆనుకుని నిలబడి వచ్చేపోయేవాళ్లను పలకరిస్తూనే ఉంది. కాళ్లు వణుకుతుంటే చీరకుచ్చెళ్లు సర్దుకుంటున్నట్టు నటించింది.

అవతల నేను పడక కోసం రాళ్లు ఏరి విసిరేస్తుంటే మాసయ్య వచ్చాడు.

"పల్చటివి పారేయకు పటేలా. ఇటు పెట్టు."

"రాళ్లెందుకు నీకు? మంచం చాలక మేడ కడుతున్నవా?"

"కడత. నీకేంది?"

పొద్దు గుట్ట వెనక్కి దిగుతోంది. నా భార్య రాధమ్మ నన్ను పక్కకు పిలిచింది. "వదినె ఎట్ల పండుతది? రాత్రంత నిలబడుతదా? నువ్వన్న చెప్పు."

నేను పోయేలోపల అక్కే పిలిచింది. "తమ్ముడా, ఆత్మకూరు దిక్కు పోయే ఆటో ఉంటే చూడు. ఇంటికి పోత."

"ఉద్దాలు రేపు కదక్కా?" స్వామివారి పాదరక్షలను ఉద్దాలంటాం. అవి ఊరేగింపుగా వచ్చినప్పుడు నెత్తికి తాకించుకోనిదే అక్క జాతర అయినట్టు కాదు.

"వచ్చే ఏడు చూస్త" అని ఆమె మొహం అటు తిప్పుకుంది.

ఆటోలు ఆగేచోటుకు రెండడుగులు వేశానో లేదో, వెనక మాసయ్య గొంతు జాతరంతా వినబడేట్టు లేచింది.

"దొంగలు పడ్డరంట! ఎవనిదో మంచం ఎత్తుకపోయిండ్రంట!"

"మంచం ఎత్తుకపోయే దొంగ ఎవడయ్యా? నీలాంటోడు ఇంకొకడున్నడా?" అన్నాను.

ఆయన నన్ను పట్టించుకోలేదు. అక్క నిలబడ్డ చక్రం పక్కనే మంచం వాల్చాడు. "సత్తెమ్మక్కా, నేను గుట్టెక్కి వస్త. జర నా మంచానికి కావలుండు."

"ఉంట పో."

"నిలబడి ఏం కావలి? దొంగ గుంజుకపోతే ఎంబడి ఉరుకుతవా?"

"ఉరుకుడా? ఈ కాళ్లతోనా?"

"అందుకే మీద కూసో. మనిషి బరువుంటే ఎవడెత్తుతడు?"

"నా తమ్మున్ని కూసోబెట్టు."

"ఈయననా? పరుపు ఎద్దు మేసినా లేవని మనిషి! ఈయనతో సహా ఎత్తుకపోతరు."

పక్కబండ్లవాళ్లు ఘొల్లుమన్నారు. అక్క కూడా నవ్వింది. నవ్వుతూనే వెనక్కి వాలి మంచం అంచు మీద కూర్చుంది. "తొందరగ రా మాసన్నా, నాకు వేరే పనులున్నయి" అంది.

తొందరగా వస్తే ఆయన మాసయ్య ఎందుకవుతాడు? మా తిండ్లయ్యాయి, దీపాలు వెలిగాయి, ఆయన జాడ లేదు. నేను గుట్ట ఎక్కి ఆయనకన్నా ముందే దిగి వచ్చాను. ఆ వయసులో అట్లా ఎక్కినవాళ్లు తక్కువ. రాధమ్మ, "జర ఒరుగు వదినె, కావలి పండుకొని కూడా కాయొచ్చు" అంది. అక్క ఒరిగింది. అప్పుడు వచ్చాడు మాసయ్య, నెత్తి కొట్టుకుంటూ.

"కావలి పెడితే కబ్జా పెట్టిండ్రు! లేచేటట్టున్నవా అక్కా?"

"లేవమంటే లేస్త" అంది అక్క, కళ్లు తెరవకుండా.

"వద్దులే! లేపిన పాపం నాకెందుకు? ఈ ఏడు కూడ నా మొహాన నేలనే రాసిపెట్టింది."

సణుగుతూ బండి కిందికి దూరాడు. జొన్నగింజ మాట అక్కడి నుంచి కూడా వినబడింది.

తెల్లవారుజామున అందరికన్నా ముందు లేచేది నేనే, ఇది ఊరంతా ఒప్పుకున్న సంగతి. ఆ రోజు మాత్రం అక్క నాకన్నా ముందు లేచింది. మంచం అంచున కూర్చుని, కాళ్లు కింద ఆనించి, కట్టె పట్టుకుని, ఎవరి చెయ్యీ అందుకోకుండా నిలబడింది. నులక మంచం మీద నుంచి అంత సులువుగా ఎట్లా లేచిందా అని వంగి చూశాను. నాలుగు కోళ్ల కింద పల్చటి రాళ్లు, ఒకదాని మీద ఒకటి, కదలకుండా పేర్చి ఉన్నాయి. నేను ఏరిన రాళ్లే.

అక్క నా మొహం చూసి వేలు పెదవుల మీద పెట్టుకుంది.

"నేను దిగిన్నని మాసన్నకు చెప్పకు. రేపటిదాక నాకు కావలి డ్యూటీ ఉన్నది."

కట్టె ఊనుకుంటూ ఉద్దాలు వచ్చే తోవ వైపు చూడటానికి నడిచింది. కొత్త కోడలు నడిచినట్టే నడిచింది. నా అక్క కాబట్టి అనడం లేదు.

నేను బండి కిందికి తొంగి చూశాను. చొప్ప లేదు, గొంగడి లేదు. చేయి తల కింద, మోకాళ్లు పొట్టలోకి, పాత గోనెసంచి మీద మాసయ్య ఆదమరిచి నిద్రపోతున్నాడు. ఆ ఒడుపు ఒక్కరోజులో వచ్చేది కాదు. దవాఖాన వరండాలో ముసలాయన, శ్రీరంగాపూర్‌లో బాలెంత, ఇంకా ఎవరెవరో వరసగా గుర్తొచ్చారు. ఎంత వెతుక్కున్నా ఆ మంచం మీద మాసయ్య పడుకుని ఉన్న రాత్రి ఒక్కటీ గుర్తు రాలేదు. నేల మీద పడుకోవడంలో నన్ను మించినవాడు లేడని ఇంతకుముందు రాశాను. మాసయ్యను మినహాయించి అని చదువుకోండి.

మెల్లగా భుజం తట్టాను. ఒక కన్ను తెరిచాడు.

"ఏం మాసన్నా, మొలిచినవా?"

ఆయన ఒళ్లంతా అంటిన మట్టిని ఒకసారి చూసుకున్నాడు.

"మొలిచిన పటేలా. జర నీళ్లు పొయ్యిమను రాధమ్మను. చక్కెరేసి, చాయపత్త ఏసి."