రాజుగారి రథం పంచరైన రోజు

నా చిన్నప్పుడు ఒక పగను ఏడాదిపాటు దాచుకున్నాను. జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కన మా నాన్న లారీలకు పంచర్లు అతికించేవాడు. మా బడి వార్షికోత్సవ నాటకంలో నేను మంత్రిని, అల్లం వ్యాపారి కొడుకు రాజు. నేను నోరు తెరవబోతుండగా అతను నాటకంలో లేని మాట ఒకటి విసిరాడు. "ఏంది మంత్రీ, నీ దగ్గర టైరు వాసనొస్తున్నది?"

జనం నవ్వారు. "లేదు, రాదు" అన్నాను, అంతే. తరువాతి మాట గుర్తు రాలేదు. ముందు వరుసలో కూర్చున్న మా నాన్న నల్లబడిన చేతులను తువ్వాలు కింద దాచుకోవడం మాత్రం కనిపించింది. మరునాటి నుంచి బడిలో నేను టైరు మంత్రిని.

మరుసటి ఏడు పాత దుస్తులు ఉన్నాయి కనుక మళ్ళీ రాజు నాటకమే వేశారు. కిరీటం వాళ్ళ నాన్న కొన్నది కనుక మళ్ళీ అతనే రాజు, నేనే మంత్రిని. ఆ మాట మళ్ళీ అంటానని బడిలో చెప్పుకుని తిరిగాడు కూడా. నేను మూడు ఉపాయాలు వరుసగా పెట్టుకున్నాను. ఒకటి, సింహాసనం కుర్చీ కాలు వదులు చేయడం. రెండు, కిరీటంలో దురద పుట్టించే దూలగొండి నూగు చల్లడం. మూడోది, వాళ్ళ నాన్న దొంగ తూకం గురించి అందరి ముందు అనేయడం.

మా మేనమామ రాయికోడ్ దిక్కు ఊళ్ళలో బాగోతాలు ఆడేవాడు. ఆయనది నవ్వించే వేషం. నా ఉపాయాలు విని బీడీ ఆర్పాడు. "కుర్చీ ఇరిగితె జనం వాన్ని చూసి అయ్యో పాపమంటరు. నీకేమొస్తది అల్లుడా?"

వాళ్ళ మేళంలో ఒక కట్టుబాటు ఉండేదట. జనంలోంచి ఎవరు ఏం అరిచినా నవ్వించే వేషగాడు కాదనకూడదు. ఆ మాటను తీసుకుని, దాని మీద తన మాట ఒకటి పెట్టాలి. కాదంటే కథ అక్కడే ఆగిపోతుంది, వాడు మేళం మొత్తానికి చాయ్ తాగించాలి. ఆ సాయంత్రమంతా ఆయన మంచం మీద కూర్చుని నన్ను తిట్టాడు. "నీ మొకం మేక లెక్కున్నదిరా" అంటే మొదట ఉడుక్కున్నాను. చీకటి పడేసరికి, "అవును మామా, నీ చేను మేసింది నేనే" అనగలిగాను.

చివర ఇంకొకటి చెప్పాడు. "వాడు మూగవోతె నీ కథ గూడ ఆగుతది. వానికి మాట నువ్వే అందియ్యాలె." ఇది నాకు నచ్చలేదు. వాడు మూగబోవడమే కదా నాకు కావలసింది.

నాటకం రోజు నాన్న రానన్నాడు. మామ చేయి పట్టి లాక్కొచ్చి వెనక వరుసలో కూర్చోబెట్టాడు. తెర లేచింది. రాజు కళ్ళు మెరిశాయి. "ఇయ్యాల గూడ టైరు వాసనేనా మంత్రీ?"

"అవును మహారాజా" అన్నాను. "తమరి రథం పంచరైంది. శత్రువులు న్యాల్‌కల్ దాకొచ్చిన్రు. పొద్దటి సంది అతికిస్తనే ఉన్న."

జనం నవ్వారు. ఈసారి నన్ను చూసి కాదు.

"రథం లేదు, ఏం లేదు" అన్నాడతను. "రథం లేనోనివి రాజువెట్లయితవ్ బిడ్డా?" అని జనంలోంచి ఎవరో అరిచారు. అతని నోరు పడిపోయింది. కిందటేడు నేను చూసిన చూపే చూశాడు. అలాగే వదిలేయవచ్చు. ఏడాదిగా కలగన్నది అదే. కానీ నోరు మూయించడం కన్నా మాట అందించి ఆడించడమే పెద్ద దెబ్బని, మామ మాటలో ఎంత విషం ఉందో అప్పుడు అర్థమైంది.

"గాలి కొట్టిన మహారాజా. తమరు దిగి జర తోస్తె కదుల్తది. సరే మంత్రీ అనుండ్రి."

"సరే మంత్రీ" అన్నాడు.

నేను ముందు నిలబడి పగ్గాలు పట్టాను. రాజు సింహాసనం దిగి, నా వెనక వంగి, లేని రథాన్ని వేదిక చుట్టూ తోశాడు. కిరీటం కళ్ళ మీదికి జారింది. "జోరుగ మహారాజా, జోరుగ" అన్నాను. ఇంకో చుట్టు కూడా తోయించాను. వెనక వరుసలో మా నాన్న లేచి నిలబడి, ఆ నల్లటి చేతులు పైకెత్తి చప్పట్లు కొడుతున్నాడు.

తరువాత నేను యంత్రాల చదువు చదివి ఫ్యాక్టరీలో చేరాను. పదిమందిలో నన్ను చిన్నబుచ్చాలని ఎవరైనా ఒక మాట విసిరితే, ఇప్పటికీ కాదనను. ముందు అవునంటాను. వాళ్ళు ఆ సంతోషంలో ఉండగానే, తోయవలసిన రథం ఎక్కడుందో చూపిస్తాను.