పరగడుపున ఒక గ్లాసు

నేను ఇళ్ళకు వెళ్ళి పేషెంట్లను చూసే నర్సుని. విజయవాడలో మాది రెండు గదుల ఆఫీసు. పన్నెండు మంది నర్సులం, మా అందరి మీదా ఒక మేడమ్. ఆవిడ రిటైరైన హెడ్ నర్సు. నాకు కోపం ఎక్కువని ఆవిడ, ఆవిడకి చాదస్తం ఎక్కువని నేను అనుకుంటూ ఉంటాం. ఇద్దరి మాటా నిజమే.

కరోనా వచ్చిన మొదటి వారంలోనే పన్నెండు మందిమి కాస్తా ఏడుగురం అయ్యాం. కొందరిని ఇంట్లోవాళ్ళు గడప దాటనివ్వలేదు. ఇద్దరితో ఇంటి ఓనర్లు "ఆ ఉద్యోగమైనా మానండి, ఇల్లైనా ఖాళీ చేయండి" అన్నారు. మేడమ్ ఆ ఇద్దరికీ ఆఫీసు వెనక గదిలో మంచాలు వేయించేసింది. పేషెంట్లను రెండు జాబితాలుగా రాసి గోడకి అంటించింది. మనిషి వెళ్ళి తీరాల్సినవాళ్ళు ఒకవైపు, ఫోన్లో నడిపించగలిగినవాళ్ళు ఇంకోవైపు.

ఉయ్యూరు పెద్దాయన మనిషి వెళ్ళాల్సిన జాబితాలో ఉండేవారు. షుగర్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. నేను బాబాయిగారూ అనేదాన్ని. ఆయనకి షుగరు వ్యాధి, ఎడమ అరికాల్లో రూపాయి బిళ్ళంత పుండు. రోజు విడిచి రోజు వెళ్ళి కట్టు కట్టేదాన్ని. షుగరు దిగితేనే పుండు మానుతుందని, నెల తిరిగేలోపు మానే దారి పట్టకపోతే పాదం తీసేయాల్సి వస్తుందని డాక్టరుగారు కచ్చితంగా చెప్పేశారు.

"పొద్దున్నే కాలవగట్టు దాకా నడిచి రాకపోతే నాకు తెల్లారినట్టే ఉండదమ్మాయ్. ఈ పాదం మాత్రం నిలబెట్టు" అన్నారాయన నా చేయి పట్టుకుని.

"నేనుండగా మీ పాదానికేం ఢోకా లేదు బాబాయిగారూ" అన్నాను. అంత గొప్పగా మాటిచ్చేశాను.

సరిగ్గా ఆ వారమే మా సందులో ఇద్దరికి కరోనా వచ్చింది. రెండు చివర్లా వెదురు బొంగులు కట్టి, లోపలివాళ్ళు లోపలే అన్నారు. మిగతా నర్సులకి ఊపిరి తీసుకునే తీరిక లేదు. ఇక బాబాయిగారింట్లో కట్టు కట్టగలిగింది ఆయన కోడలే. కొడుకు పాల వ్యాను తోలుతాడు, పొద్దున పోతే ఏ సాయంత్రానికో వస్తాడు.

వీడియో కాల్లో ఆ అమ్మాయికి పని నేర్పించాను. మొదటి రోజు ఫోను కందిపప్పు డబ్బాకి ఆనించి పెడితే నాకు సీలింగు ఫ్యాను తప్ప ఏమీ కనబడలేదు. రెండో రోజు గ్లౌజు తొడిగిన చేత్తో ముక్కు గోక్కుంది. "ఓసి నీ ఇల్లు బంగారం గానూ! మళ్ళీ కడుక్కో" అని అరిచాను. వారం తిరిగేసరికి మాత్రం సెలైన్‌తో పుండు కడగడం, దూది పొరలు మడవడం, కట్టు బిగువు చూడటం అన్నీ వచ్చేశాయి. నిజం చెప్పొద్దూ, ఆమె కట్టు నా కట్టు కంటే శుభ్రంగా ఉండేది.

ఆ రోజుల్లోనే మేడమ్, పేషెంట్ల ఇళ్ళన్నీ ఉన్న వాట్సాప్ గ్రూపులో మమ్మల్ని తలా ఒక ధైర్యం మాట చెప్పమంది. నేను మా అమ్మమ్మ కషాయం గురించి వాయిస్ మెసేజ్ పెట్టాను. శొంఠి, మిరియాలు, తులసి, ఎలా కాచాలో ఎన్నిసార్లు తాగాలో అంతా చెప్పాను. దండాల బొమ్మలు వర్షంలా కురిశాయి. రెండు రోజులు నేల మీద నడవలేదు నేను.

ఇక్కడ సంతోషం ఇలా ఉంటే, అక్కడ ఉయ్యూరులో షుగరు ఎక్కడం మొదలెట్టింది. కోడలు రోజూ పొద్దున వేలు గుచ్చి మిషన్ ఫొటో పంపేది. రెండు వందలు, రెండు వందల నలభై, రెండు వందల ఎనభై. డాక్టరుగారు ఇన్సులిన్ పెంచారు. అయినా దిగదు. పుండు అంచులు మళ్ళీ ఎర్రబడ్డాయి. నాకు నిద్ర పట్టలేదు.

"బాబాయిగారూ, నిజం చెప్పండి. దొంగచాటుగా స్వీట్లు తింటున్నారా?"

"ముప్పై ఏళ్ళు పంచదార మూటల మధ్య తిరిగాను. నోట్లో వేసుకోలేదు. ఒట్టు."

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పాదం పోయాక నన్ననకండి!" అని ఫోను పెట్టేశాను. పెట్టేశాక బాధ అనిపించింది. కానీ కోపమే గెలిచింది.

బొంగులు విప్పిన మర్నాడే, ఎవరికీ చెప్పకుండా, ఆరింటికల్లా స్కూటీ తీశాను. ఇంటి దొంగని పట్టాలిగా మరి. బందరు రోడ్డంతా నాదే. కంకిపాడు దగ్గర పోలీసాయన పాసు చూసి, "ఇంత పొద్దున్నే ఎందుకమ్మా?" అన్నాడు. "దొంగతనం కేసండీ" అన్నాను. పాసు ఇంకోసారి చదివాడు పాపం.

వాళ్ళ వాకిట్లో పీపీఈ తొడుక్కుని లోపలికి వెళ్ళేసరికి పెద్దాయన గ్లాసెత్తి గటగటా తాగుతున్నారు. కోడలు మిషన్ పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. ఆయన గ్లాసు దించగానే వేలు అందుకుంది.

"ఆగమ్మా! ఏం తాగారాయన?"

"కషాయమండీ. మీరు చెప్పిందే. రోజుకి మూడుసార్లు ఇస్తున్నాను."

"టెస్టుకి ముందా?"

"పరగడుపునే ఇవ్వమన్నారుగా సిస్టర్ గారూ. ఇదేం టిఫిన్ కాదు కదండీ, మందు."

గ్లాసు అడుగున చూస్తే పాకంలా జిగురు. "బెల్లం వేశావా?"

ఆ అమ్మాయి ఫోను తీసి నొక్కింది. నా గొంతే. ఎంత గారాబంగా చెప్పానో! "పరగడుపున ఒక గ్లాసు, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. బెల్లం మాత్రం తగ్గించకండమ్మా, లేకపోతే పెద్దవాళ్ళు తాగరు."

గ్రూపులో షుగరు పేషెంట్లున్న ఇళ్ళు ఎన్నో నాకు తెలుసు. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఒక్క ఇల్లూ గుర్తు రాలేదు.

"మరి నేనన్ని మాటలంటుంటే చెప్పొద్దా బాబాయిగారూ?"

"స్వీట్లు తిన్నావా అని అడిగావు. కషాయం తాగావా అని అడగలేదుగా. నర్సమ్మ చెప్పింది, తియ్యగా ఉన్నా మందే అనుకున్నా."

కోడలు మెల్లగా అంది: "మీరు కోప్పడ్డ దగ్గర్నుంచి మావయ్యగారు అన్నం సగం మానేశారండీ. పాలు కూడా వద్దంటున్నారు. పాదం పోతుందని భయం."

ఆ పీపీఈ కళ్ళద్దాల లోపల నాకు కన్నీళ్ళు తుడుచుకునే వీలు కూడా లేదు. ఆయన మంచం పక్కన కూర్చుని, "తప్పు నాదే బాబాయిగారూ. ఆ దొంగని నేనే" అన్నాను. ఆయన కిసుక్కున నవ్వారు. నేను నవ్వలేకపోయాను. అక్కడి నుంచే డాక్టరుగారికి ఫోన్ చేసి ఇన్సులిన్ ఎంతివ్వాలో మళ్ళీ రాయించుకున్నాను. తరవాత మేడమ్‌కి చెప్పి తిట్లు తిన్నాను. గ్రూపులో ఇంకో వాయిస్ పెట్టాను: "కషాయంలో బెల్లం వేయమన్నది నేనే. షుగరున్నవాళ్ళకి వద్దు. బుద్ధి తక్కువై చెప్పాను, క్షమించండి." దానికి దండాల బొమ్మలు రాలేదు. మూడు ఇళ్ళ నుంచి మాత్రం వెంటనే ఫోన్లొచ్చాయి.

ఉయ్యూరులో బెల్లం ఆగింది, షుగరు దిగింది. డాక్టరుగారు ఇంకొంత గడువిచ్చారు. ఒకరోజు నేను, ఒకరోజు కోడలు వంతులేసుకుని కట్లు కట్టాం. పుండు పావలా అంతయింది, తరవాత శనగబద్దంతయింది, తరవాత గులాబీ రంగు కొత్త చర్మం. ఇప్పుడా అమ్మాయి మా ఆఫీసులోనే సహాయకురాలిగా చేస్తోంది. కొత్తగా చేరినవాళ్ళు గ్లౌజుతో ముక్కు ముట్టుకుంటే నాకంటే గట్టిగా అరుస్తుంది.

చివరి కట్టు విప్పిన రోజు పెద్దాయన నన్ను వెళ్ళనివ్వలేదు. "అమ్మాయ్, గేటు దగ్గరుండు" అని వంటింట్లోకి వెళ్ళారు. గ్లాసు పట్టుకుని మెల్లగా, రెండు పాదాలూ నేలకి ఆనించి నడుచుకుంటూ గేటు దాకా వచ్చారు.

"మీ అమ్మమ్మ కషాయం. బెల్లం లేదు. నెలన్నరగా నేను తాగుతున్నది ఇదే. నువ్వూ తాగు."

నాలుగడుగులు వెనక్కి జరిగి మాస్కు దించాను. ఒక్క గుక్క వేసేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. చేదూ ఘాటూ కలిసి గొంతులో మంట.

"మొత్తం తాగాలి. అంతవరకూ ఇక్కడే నిలబడతా" అన్నారాయన నడుం మీద చేతులేసుకుని.

నేను ఎంతసేపు తాగానో ఆయన అంతసేపూ నిలబడే ఉన్నారు.