ఎడమ చెవికి మూడో గాటు

పదవీ విరమణకు ఇంకా రెండేళ్ళు ఉందనగా, ఒక జనవరి మొదటి వారంలో మా సంస్థ నన్ను మూడు వారాల పర్యవేక్షణ పని మీద తూర్పు ఆఫ్రికాకు పంపింది. షికాగో పక్కనున్న మా నేపర్‌విల్‌లో పొద్దున్నే పార పట్టుకుని డ్రైవ్‌వే మీద మంచు తోడుకునే రోజులవి. నాలుగు విమానాలు మారి, చివరిదాని నుంచి ఎర్రమట్టి మీద దిగేసరికి ఎండకు కళ్ళు తెరవలేకపోయాను. ఆ దేశం పేరు రాయను. అక్కడి రెండు తెగల పేర్లూ రాయను. వాళ్ళ మధ్య కుదిరిన ఒప్పందం ఇప్పటికీ నిలిచే ఉందని విన్నాను. నా రాత వల్ల దానికి దిష్టి తగలడం నాకిష్టం లేదు. మనుషుల పేర్లు కూడా మార్చాను.

ముందు నా ఉద్యోగం గురించి ఒక మాట. నేను పశువైద్యుణ్ణి. తిరుపతిలో చదివి, ఇల్లినాయ్ వచ్చి, ఇరవై ఏళ్ళకు పైగా డెయిరీ ఫారాల్లో ఆవుల పురుళ్ళు పోశాను. నడుం పోయాక షికాగోలోని ఒక సహాయ సంస్థలో టెక్నికల్ అడ్వైజర్‌గా చేరాను. పేరు ఘనమే గానీ, ఆ హోదాకు సలహా చెప్పే బాధ్యత తప్ప ఆజ్ఞాపించే అధికారం లేదు. ఫీల్డ్‌లో మాట చెల్లేది ఆ దేశంలో ఉండే కంట్రీ డైరెక్టర్‌ది. యుద్ధం ఆగిన చోట పశువులకు టీకాలు ఎలా వేయాలి, ఎవరికి శిక్షణ ఇవ్వాలి, మందు ఎలా చల్లగా ఉంచాలి అన్నవి రాసిపెట్టడం నా పని. ఆ రాసిన కాగితాన్ని ప్రోటోకాల్ అంటారు. మా తెలుగు చర్చిలో వాళ్ళు నేను మిషన్ పని మీద వెళ్ళొస్తున్నాననుకుని ప్రార్థనలో నా పేరు చెప్పేవారు. ఆవులకు సూదులు వేయించి వస్తున్నానని చెబితే కొంచెం నీరసపడేవారు.

ఆ ప్రాంతం మధ్యగా ఒక నది ఉంది. తూర్పు ఒడ్డున ఒక తెగ, పడమటి ఒడ్డున ఒకటి. ఇద్దరికీ పశువులే బతుకు. యుద్ధంలో ఇద్దరి చేతికీ తుపాకులు వచ్చాయి, యుద్ధం ఆగాక కూడా అవి పోలేదు. అంతకు ముందటి వేసవిలో పడమటి కుర్రాళ్ళు నది దాటి వచ్చి మందలు తోలుకుపోయారు. ప్రాణాలు పోయాయి. తర్వాత పెద్దలు నెలల తరబడి కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు. తోలుకుపోయిన పశువులను గుర్తుపట్టి తిరిగి ఇచ్చేయాలి. ఇచ్చాక, ఎండాకాలమంతా నది పక్క పచ్చిక మీద రెండు మందలూ కలిసి మేయవచ్చు. ఇవ్వకపోతే ఆ పచ్చిక కోసం మళ్ళీ కాల్పులే.

గుర్తుపట్టడానికి వాళ్ళకొక పద్ధతి ఉంది. దూడ పుట్టిన ఏడాదిలోపు ప్రతి ఇంటివాళ్ళూ దాని ఎడమ చెవి కింది అంచున తమ ఇంటి లెక్క ప్రకారం గాట్లు పెడతారు. రెండు గాట్లంటే ఒక ఇల్లు, మూడంటే ఇంకొకటి.

నేను ప్రోటోకాల్ రాసింది నా ప్రయాణానికి ఆరు నెలల ముందు, నేపర్‌విల్ నుంచి షికాగో వెళ్ళే పొద్దుటి రైల్లో, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని. ఊపిరితిత్తుల జబ్బుకు టీకా. వేసిన పశువుకు మళ్ళీ వేయకుండా ఏదో ఒక గుర్తు ఉండాలి. రంగు వానకు పోతుంది, ప్లాస్టిక్ బిళ్ళలు ముళ్ళకంపలకు ఊడిపోతాయి. చెవి అంచున పటకారు లాంటి పనిముట్టుతో చిన్న గాటు పెట్టడం మా వృత్తిలో పాత పద్ధతే. ‘ఎడమ చెవి, కింది అంచు’ అని రాశాను. అప్పుడు మా ఆఫీసులో ప్రోగ్రామ్ ఆఫీసర్‌గా స్నేహ అనే అమ్మాయి ఉండేది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. నా కాగితం చదివి వచ్చి అడిగింది.

“అంకుల్, వాళ్ళ కౌస్‌కి ఆల్రెడీ మార్క్స్ ఉంటే? మనం మళ్ళీ కట్ చేస్తే కన్‌ఫ్యూజ్ అవరా వాళ్ళు?”

మందు ఒకసారి కలిపితే ఆ పూటే వాడేయాలమ్మా, ఒక్కో ఆవు దగ్గరా మీటింగ్ పెట్టుకుంటే సీసాలన్నీ పారబోయాలి అన్నాను. అని నవ్వాను కూడా. ఒంగోలు ఆవుల మధ్య పెరిగినవాణ్ణి, పశువుల సంగతి షికాగో శివారు షాంబర్గ్‌లో పెరిగిన పిల్ల నాకు చెప్పేదేమిటి అనుకున్నాను. దాచడమెందుకు, అచ్చంగా అలాగే అనుకున్నాను.

టీకాలు వానలు తగ్గగానే ముందు పడమటి ఒడ్డున వేశారు. వేసినవాళ్ళు మేం శిక్షణ ఇచ్చిన అక్కడి కాపరులే. నేను జనవరిలో వెళ్ళింది ఎన్ని చెవులకు గాటు పడిందో చూసి రావడానికి. సరిగ్గా ఆ వారమే పశువుల్ని అప్పగించే సభ పెట్టారు. మమ్మల్ని అతిథులుగా కూర్చోబెట్టారు.

తూర్పు ఒడ్డు నుంచి వచ్చినవాళ్ళలో మార్తా అనే ఆమె ఉంది. ముప్పై ఐదేళ్ళుంటాయేమో. ఆ దాడిలో భర్త పోయాడు, ఎనిమిది ఆవులు పోయాయి, నలుగురు పిల్లలు మిగిలారు. చుట్టాల దొడ్డిలో ఒక మూల ఉంటూ, వాళ్ళు పోసిన పాలతో పిల్లల్ని సాకుతోంది. వాళ్ళింటి గుర్తు రెండు గాట్లు. ఆమె ఆవులు చేరింది పడమటి పెద్ద సైమన్ మందలోకి. సైమన్ ఇంటి గుర్తు మూడు గాట్లు.

ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. నాకు మాత్రం అక్కడ పశువుల్ని నిలబెట్టిన తర్వాతే అర్థమైంది. సైమన్ ఆవుల్లో టీకా పడ్డవాటికి నాలుగు గాట్లయ్యాయి, వాటితో పేచీ లేదు; మిగిలినవాటిలో ఏ ఆవు చెవి చూసినా మూడు గాట్లే. మార్తా ఆవుల రెండు గాట్లకు మా గాటు కలిసి మూడయ్యాయి. సైమన్ ఆవుల్లో సగం టీకా రోజున దూరపు మేతలో ఉండి సూది తప్పించుకున్నాయి కనుక వాటికి వాళ్ళ మూడూ అలాగే ఉన్నాయి. పడమటి కుర్రాళ్ళు చెవులు చూపించి, మూడున్నాయి కాబట్టి ఇవన్నీ మావే అన్నారు. తూర్పువాళ్ళు లేచి నిలబడ్డారు. అప్పటిదాకా నేల మీదున్న తుపాకులు కొన్ని చేతుల్లోకి వచ్చాయి. మార్తా మాత్రం లేవలేదు. రైల్లో కాఫీ తాగుతూ కొట్టిన నాలుగు మాటలు కళ్ళ ముందు కదిలాయి.

పెద్దలు అందర్నీ కూర్చోబెట్టి, నీళ్ళు తాగి మళ్ళీ మాట్లాడదామన్నారు. ఆ విరామంలో నేను జీపు వెనక్కి వెళ్ళి శాటిలైట్ ఫోన్‌లో కంట్రీ డైరెక్టర్‌ను పట్టుకున్నాను. గాటు పాతదో కొత్తదో నేను చెప్పగలనన్నాను. దూడప్పుడు పెట్టిన గాటు అంచు గుండ్రంగా మూసుకుని వెంట్రుక మొలుస్తుంది. మూడు నెలల కిందటిది ఇంకా బోడిగా, గులాబి రంగులో ఉంటుంది. ఆయన వద్దన్నాడు. ఎవరి పశువు ఎవరిదో తేల్చడం సహాయ సంస్థ పని కాదు, ఒక పక్షం వైపు మాట్లాడామన్న పేరొస్తే రేపు మా మనుషుల మీదే తూటా పేలుతుంది అన్నాడు. ఆ నియమం మంచిదే. దాన్ని నేను కొత్తవాళ్ళకు పాఠం చెప్పినవాణ్ణే. కానీ ఆ చెవుల మీదున్నది మా గాటు. దాన్ని అలా వదిలేసి జీపెక్కి వెళ్ళిపోతే ఇక ఏ ముఖం పెట్టుకుని ఆ ఒడ్డున సూది పట్టుకుంటాం? ఆ మాటే అన్నాను. ఈమెయిల్ రాయండి, చూద్దాం అని ఫోన్ పెట్టేశాడు.

సభ మళ్ళీ కూర్చోగానే నేను లేచాను. మా దుభాషి అక్కడి బడిపంతులు. నా మాటలు విని, నిజంగా ఇలాగే చెప్పమంటారా డాక్టర్ అని రెండుసార్లు అడిగి, అప్పుడు చెప్పాడు.

“ఈ మూడో గాటు మీ రెండు వైపులవారిదీ కాదు. నాది. ఎక్కడ కోయాలో మా ఊళ్ళో కూర్చుని నేనే రాశాను. మిమ్మల్ని ఒక్క మాట అడగలేదు.”

సైమన్ అడిగాడు. పొడుగాటి మనిషి, డెబ్బై దాటినవాడు.

“మీ నాన్నకు ఆవులుండేవా?”

“ఉండేవి.”

“మరి ఆయన నీకేమీ నేర్పకుండానే పోయాడా?”

జనం నవ్వారు. తూర్పువాళ్ళూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. మా నాన్న పక్క ఊరి ఎడ్లను కూడా దుమ్ములో నడక చూసి ఎవరివో చెప్పేవాడు. ఆయన ఇంట్లో ఆరు జతల చెవులు చూసి పెరిగి నేను చేసిన నిర్వాకం ఇదీ.

రెండు పక్షాల అనుమతితో చెవులు చూడటం మొదలుపెట్టాను. పెద్దలు చెరో వైపు నిలబడ్డారు. బొటనవేలితో అంచు తడిమి, ఇది పాతది, ఇది కొత్తది అని చెబుతూ పోయాను. కొత్త గాటు ఉంటే అసలు గుర్తు రెండే, మార్తాది. అలా ఐదు ఆవులు తేలాయి. ప్రతిసారీ మార్తా తలూపింది. ఆరోది ఒక ఎర్రావు, నిండు చూడిది, పొదుగు దిగి ఉంది. మంద మొత్తంలో దానంత ఆవు లేదు. చెవి తడిమాను. మూడో గాటు అంచు బోడిగా ఉంది, సందేహమే లేదు. ఇదీ మార్తాదే అన్నాను.

“అది నాది కాదు,” అంది మార్తా.

సరిగా విన్లేదేమోనని దుభాషితో మళ్ళీ చెప్పించాను. గాటు కొత్తదమ్మా, నేను చూశాను అన్నాను. ఆమెకు ఇంకా మూడు ఆవులు రావాలి. తలూపితే చాలు, ఇది తోలుకుపోవచ్చు, కాదనేవాళ్ళు లేరు. వెనక నుంచి వాళ్ళవాళ్ళే ఎవరో ఊరుకోమని గొణిగారు.

“గాటు నీకు తెలుసు డాక్టర్. ఆవు నాకు తెలుసు. దీని పాలు నేనెప్పుడూ పిండలేదు. ఇది వాళ్ళది.”

ఆమె చెప్పిందే నిజం. టీకా వేసిన కాపరి తర్వాత ఒప్పుకున్నాడు. చెవి అంచున చోటు చాలక, కొన్నిటికి కొత్త గాటు పెట్టకుండా ఉన్న గాటునే పెద్దది చేశాడట. పాత గాయం కొత్తదైంది. నలభై ఏళ్ళ అనుభవం నా బొటనవేలికి ఆ సంగతి చెప్పలేదు.

సైమన్ ఎర్రావు వైపు చూశాడు, మార్తా వైపు చూశాడు. నన్ను అసలు పట్టించుకోలేదు. వెనక్కి తిరిగి తన తమ్ముడి కొడుకుతో ఏదో అన్నాడు. అతను అడ్డం చెప్పబోతే సైమన్ చెయ్యెత్తాడు. కాసేపటికి ముళ్ళకంచె అవతల నుంచి, సభకు తీసుకురాని మందలోంచి, రెండు పశువుల్ని తోలుకొచ్చారు. ఒకటి నల్లమచ్చల ఆవు, ఇంకొకటి పెయ్య. మార్తా అప్పుడు లేచింది. ఆవును పేరు పెట్టి పిలిచి, దాని మెడ మీద చెయ్యేసి, మొట్టమొదటిసారి ఏడ్చింది. ఎనిమిదోది చచ్చిపోయిందని సైమన్ చెప్పి, దానికి బదులు తన మందలోంచి ఒక పాడి ఆవును ఇచ్చాడు. వీటిలో దేని చెవినీ నేను చూడలేదు. చూడమని ఎవరూ అనలేదు.

మర్నాడు సైమన్ మా డేరా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. మొదటి నుంచీ తెలుసా అని అడిగాను. తెలియకపోవడమేమిటన్నాడు. ప్రతి ఆవూ ఎవరిదో, దాని తల్లి ఎవరిదో, మందలో అందరికీ తెలుసట. డాక్టర్ గాటు వల్ల తెలియట్లేదని కుర్రాళ్ళన్నారు. ఆ మాట పెద్దలకూ సుఖంగానే ఉండింది. ఆ గాటు నాదేనని అందరి ముందూ చెప్పేశాక, ఇక ఆ సాకు చెల్లలేదు. అయినా ఎర్రావును ఆమె తీసుకుని ఉంటే, ఆ రెండూ కంచె అవతలే ఉండేవి అన్నాడు.

షికాగో తిరిగి వచ్చాక నియమం దాటినందుకు మందలింపు ఉత్తరం అందింది. సంతకం పెట్టి తీసుకున్నాను, అది న్యాయమే. నివేదికలో ‘స్థానిక అవగాహనలో లోపం’ అని రాయమన్నారు. నేను ‘లోపం సలహాదారుది, సహోద్యోగి ముందే హెచ్చరించింది’ అని రాశాను. స్నేహను పిలిచి చూపించాను. చదివి, “ఇట్స్ ఓకే అంకుల్” అంది. తర్వాత, “నెక్స్ట్ టైమ్ వాళ్ళని అడుగుదాం” అంది. ప్రోటోకాల్‌లో ఆ మాటను ఆమె చేతే చేర్పించాను. గుర్తు ఎక్కడ వేయకూడదో ముందు పశువు యజమానిని అడగాలి. పశువు మీద తగాదా ఉంటే గుర్తు వేయకూడదు.

రెండు ఒడ్లూ ఆ వేసవి కలిసి మేపుకున్నాయి. మా వార్షిక నివేదికలో దాన్ని మా విజయంగా వేశారు. అది సరికాదు. అక్కడ శాంతి మేం తెచ్చింది కాదు. ఇంకా మూడు ఆవులు రావలసిన మనిషి, చేతికొచ్చిన చూడి ఆవును నాది కాదంది. ఆమె మాట వినపడేలా మేం చేసిన పని ఒక్కటే, మా గాటును మాదని ఒప్పుకున్నాం. సహాయం చేయడానికి వెళ్ళినవాడి పని చాలాసార్లు అంతవరకే ఉంటుంది.