వెనక్కి చూడని వార్తాహరుడు

ఎల్వుడ్ ప్రాథర్ పని చెప్పుకోవడానికి చిన్నదే. సెనేట్ చేసిన తీర్మానాన్ని చంకన పెట్టుకుని, గోపురం కింది రాతి నడవ దాటి, ప్రతినిధుల సభ గుమ్మం దగ్గర నిలబడాలి. ద్వారపాలకుడు కేక వేసేదాకా గడప దాటకూడదు. వంగి దండం పెట్టాలి, కబురు చెప్పాలి, మళ్లీ వంగాలి. వాషింగ్టన్‌లో అతని జుట్టు నెరిసిందంతా ఈ నడకలోనే.

కాగితాలన్నీ అతనికి ఒకే బరువు, ఆల్డర్ పాయింట్ తీర్మానం తప్ప. ఆల్డర్ పాయింట్ సుపీరియర్ సరస్సులో మునిగిన గస్తీ ఓడ. శవాలు దొరకలేదు. నావికులు ఓడ వదిలి పారిపోయారన్న మచ్చ మాత్రం మిగిలింది. విధిలోనే చనిపోయారని దేశం ఒప్పుకోవాలంటే ఒక సభ మాట చాలదు. అది ఉమ్మడి తీర్మానం. రెండు సభలూ అక్షరం తేడా లేకుండా ఒప్పుకోవాలి, ఆపైన అధ్యక్షుడు సంతకం చేయాలి. అప్పుడది చట్టమంత గట్టిది. ఈలోగా కాంగ్రెస్‌కు, అంటే ఆ రెండు సభలకూ, ఉన్న రెండేళ్ల గడువు ముగిసిపోతే అది చచ్చినట్టే. మళ్లీ మొదటి నుంచి.

కిందటి కాంగ్రెస్ చివరి రోజున ప్రాథర్ దాన్ని తీసుకెళ్తుంటే వెనక అడుగులు వినబడ్డాయి. తడి బూట్ల చప్పుడు. ఆగి వెనక్కి తిరిగాడు. మనుషులెవరూ లేరు, రాతి మీద నీటి మరకలు మాత్రం ఉన్నాయి. చూస్తూ నిలబడిపోయాడు. గుమ్మం చేరేసరికి లోపల సభ ముగిస్తూ సభాపతి సుత్తి పడింది. తీర్మానం చచ్చిపోయింది.

ఆ ఓడలో తమ్ముణ్ణి పోగొట్టుకున్న హుల్డా స్టెంగెల్ అప్పుడూ గ్యాలరీలోనే ఉంది. ఇప్పుడు, మరో కాంగ్రెస్ ఆఖరి మధ్యాహ్నం, అదే తీర్మానం మళ్లీ తీసుకెళ్తుంటే నడవలో ఎదురైంది.

"ప్రాథర్ గారూ, ఈసారి వాళ్లు పిలిచినా తిరగొద్దు."

"ఎవరు పిలుస్తారమ్మా?"

"మీకు తెలుసుగా," అని ఆమె గ్యాలరీ మెట్లెక్కింది.

ప్రాథర్ నడిచాడు. గోపురం కిందికి రాగానే వెనక అడుగులు మొదలయ్యాయి. అతను ఆగితే ఆగుతున్నాయి, నడిస్తే నడుస్తున్నాయి. మెడ మీద సరస్సు చలి. ఎవరో వణుకుతూ అతని పేరు పిలిచారు. ప్రాథర్ ఎదురుగా ఉన్న తలుపు పిడి మీదే చూపు నిలిపాడు.

ద్వారపాలకుడు బర్ల్ టీగ్ నవ్వాడు. "వచ్చావా, తాబేలు దొరా. ఈసారి వేళ మించకముందే." అంతలో ప్రాథర్ వెనక ఏదో కనబడి టీగ్ నవ్వు మానేశాడు. గొంతు సవరించుకుని, "సెనేట్ నుంచి కబురు," అని కేక వేశాడు.

ప్రాథర్ వంగాడు. వెనక తడి గుడ్డలు కదిలిన చప్పుడైంది, చాలామంది ఒక్కసారి వంగినట్టు.

తీర్మానం బల్ల మీదికి వెళ్లింది. ఆఖరి రోజు చర్చకు తీరిక లేదు. ఎవరూ అడ్డుచెప్పకపోతేనే నెగ్గుతుంది, ఒక్క గొంతు లేచినా పోతుంది. అడ్డుచెప్పడమే వృత్తిగా పెట్టుకున్న స్ట్రాడర్ అనే సభ్యుడు సగం లేచాడు. కాళ్ల కింద తివాచీ వైపు చూశాడు. మెల్లగా కూర్చుని కాళ్లు కుర్చీ మీదికి లాక్కున్నాడు.

"అభ్యంతరం లేదు కనుక నెగ్గింది," అన్నాడు సభాపతి.

గుమ్మం ముందు టీగ్ గుడ్డతో నేల తుడుస్తున్నాడు. "బయట చుక్క వాన లేదు కదయ్యా, ఈ తడేంటి?"

హుల్డా దిగి వచ్చింది. "వాళ్లు లోపలికి వెళ్లారా?"

"వెళ్లారమ్మా."

"బయటికి?"

ప్రాథర్ నేల చూశాడు. జాడలన్నీ లోపలికే ఉన్నాయి. "సంతకం ఇంకా కాలేదుగా."

"ఉండనివ్వండి. నీళ్లలో కన్నా వెచ్చగా ఉంటుంది," అందామె, చలిమంట పక్కన చోటు దొరికినవాళ్ల గురించి చెప్పినట్టు.

అధ్యక్షుడు సంతకం చేసిన రోజు సభకు సెలవు. తాళం వేసిన తలుపులు బార్లా తెరిచి ఉన్నాయని టీగ్ కబురంపాడు. ప్రాథర్ వచ్చి చూశాడు. గడప దాటి బయటికి వచ్చిన జాడలు నడవ పొడవునా ఆరిపోతున్నాయి. అతను సెనేట్ వైపు నడిచాడు. వినబడింది తన బూట్లే. సగం దూరం వెళ్లాక ఆగి, తీరిగ్గా వెనక్కి తిరిగి చూశాడు.