టిప్పు కలిపిన భోజనం కార్డు

ఇంతవరకు ఈ విషయం నన్ను ఎవరూ అడగలేదు. మొన్న మా తమ్ముడి కూతురూ అల్లుడూ నా ఎదురుగానే కూర్చుని, ఏదో హోటలు కార్డు కొనాలా వద్దా అని చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. కార్డు ఉంటే బిల్లులో కొంత తగ్గిస్తారట. సర్వరుకి ఇచ్చే టిప్పు మాత్రం దానంతటదే బిల్లులో కలిసిపోతుందట.

"మంచిదేగా, ఎంతివ్వాలా అని తల గోక్కునే పని ఉండదు" అన్నాడు అల్లుడు.

నేను గొంతు సవరించుకున్నాను.

"మంచినీళ్ళు కావాలా పెదనాన్నా?" అంది అమ్మాయి.

అంతటితో సరి. మా కుటుంబంలో అలాంటి కార్డు కొన్నవాణ్ణి నేనొక్కణ్ణే. అదీ వాళ్ళిద్దరూ పుట్టకముందు. దాని గురించి అప్పట్లో హోటలు యజమానిని అడిగితే జవాబు రాలేదు. ఇంట్లోవాళ్ళకి చెప్పబోతే వినలేదు. అందుకని రాస్తున్నాను.

ఎనభైల నాటి మాట. మాది ముసునూరు దగ్గర. కాస్త మాగాణి, ఒక మామిడి తోట ఉండేవి. ఆ ఏడు తోట పూత మీద ఉండగా నా భార్య పచ్చకామెర్లతో పోయింది. మాకు పిల్లలు లేరు. కర్మలు అయ్యాక వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయారు. మా మరదలు క్యారియరు పంపిస్తానంది. కొన్నాళ్ళు పంపించి మానేసింది. ఎందుకు మానేసిందో ఈ రోజు వరకు చెప్పలేదు.

నాకు ఏడుపు రాలేదు. ఆకలి కూడా వేసేది కాదు. పొయ్యి వెలిగించాలన్న ఆలోచన అసలు వచ్చేదే కాదు. మధ్యాహ్నం అవగానే నూజివీడు బస్సు మా రోడ్డు మీద ఆగేది, ఆగింది కాబట్టి ఎక్కేవాణ్ణి. బస్టాండు పక్కన ఒక భోజన హోటలు ఉండేది. కౌంటరులో టిక్కెట్టు తీసుకుని లోపలికి వెళితే పొడుగాటి బల్లలు, వాటి మీద అరిటాకులు. అందులో ఒక బల్ల దగ్గర వడ్డించే సర్వరు గురించే ఇదంతా.

అతనిది చాట్రాయి వైపు. నాకన్నా కొంత పెద్దవాడు. ఒక చేత్తో అన్నం బేసిను, ఇంకో చేతికి పిడి బిగించిన నాలుగు గిన్నెలు, ఆ గిన్నెల్లో పప్పు, కూర, పచ్చడి, పులుసు. తక్కిన సర్వర్లు "అన్నం, అన్నం, సాంబారు" అని అరుచుకుంటూ వరస వెంట పోయేవాళ్ళు. పిలిస్తే ఆగేవాళ్ళు, లేకపోతే లేదు. ఇతను నా ఆకు దగ్గరికి వచ్చి నిలబడేవాడు.

"ఇంకొంచెం వేయమంటారా?"

అడిగి, జవాబు వచ్చేదాకా కదిలేవాడు కాదు. నేను తల అడ్డంగా ఊపితే, "మొహమాటపడటానికి ఇదేమన్నా అత్తారిల్లా అండీ? పిచిక కూడా మీకన్నా నాలుగు మెతుకులు ఎక్కువ తింటాది" అనేవాడు. పక్కవాళ్ళు నవ్వేవాళ్ళు. నా భార్య సంగతి అతనికి తెలుసో తెలియదో నాకు తెలియదు. నేను చెప్పలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో నేను తిన్నానో లేదో నాకే తెలిసేది కాదు. చెయ్యి ఆడుతూ ఉండేది. అతను అడిగినప్పుడు ఆకులోకి చూసుకునేవాణ్ణి. అన్నం ఉంటే వద్దనేవాణ్ణి, లేకపోతే వేయమనేవాణ్ణి. రోజు మొత్తం మీద నన్ను ఒక మనిషి ఒక మాట అడగడం, నేను దానికి జవాబు చెప్పడం అదొక్కటే. తిన్నాక అందరిలాగే గ్లాసు కింద చిల్లర పెట్టి లేచేవాణ్ణి.

చెట్లు పిందె మీదికి వచ్చేసరికి హోటలు యజమాని కార్డులు అచ్చు వేయించాడు. గులాబీ రంగు అట్ట, దాని నిండా గళ్ళు. భోజనానికి ఒక గడి చొప్పున బస్సు కండక్టరు దగ్గర ఉండేలాంటి పరికరంతో చిల్లు పొడుస్తారు. కార్డు వెనక "సర్వర్ల మామూలు ఇందులో కలిసియున్నది" అని ఉంది. కాయ దిగే రోజుల్లో నూజివీడు నూజివీడులా ఉండదు. ఎక్కడెక్కడి వ్యాపారులో, లారీల వాళ్ళో దిగుతారు. వాళ్ళు గ్లాసు కింద చిల్లర కాదు, నోట్లు పెడతారు. సర్వర్లు వాళ్ళ బల్లల చుట్టూనే తిరుగుతారు.

"రోజూ వచ్చే మీలాంటి వాళ్ళకి అన్యాయం జరుగుతోందని నాకు తెలుసండీ" అన్నాడు యజమాని. "ఈ కార్డు తీసుకోండి. రేటు తగ్గుద్ది. టిప్పు ఇందులోనే కలిపేశాను, ఇక మీరు జేబులు తడుముకోవక్కర్లా. సీజనయ్యాక వాళ్ళకి నేనే పంచుతా."

"నా బల్ల దగ్గర ఉండే అతనికి అందుతుందా?" అని అడిగాను.

"అందరికీ అందుద్దండీ."

నేను అడిగింది అతని గురించి. ఆయన చెప్పింది అందరి గురించి. కార్డు కొన్నాను.

మొదటి రోజు భోజనం అయ్యాక గ్లాసు కింద ఏమీ పెట్టలేదు. అతను బల్ల తుడుస్తూ గ్లాసు ఎత్తి చూశాడు. నేను కార్డు చూపించాను.

"ఇందులో కలిపే ఉంది."

"అట్టాగా అండీ" అన్నాడు. మొహంలో ఏమీ కనిపించలేదు. గ్లాసు పట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు కూడా అడిగాడు. ఆ తర్వాత ఒక రోజు అడుగుతూనే వెళ్ళిపోయాడు, నేను ఆకులోకి చూసుకుని తలెత్తేసరికి పక్క బల్ల దగ్గర ఉన్నాడు. వ్యాపారులు దిగాక కార్డుల వాళ్ళందరినీ చేతులు కడుక్కునే కుళాయిల వైపు గోడ వారన ఉన్న బల్లకి మార్చారు. దానికీ అతనే సర్వరు, అవతల వ్యాపారుల బల్లకీ అతనే. మాకు ఒకసారి వడ్డించి అటు వెళితే మళ్ళీ ఇటు వచ్చేవాడు కాదు. పిలిస్తే వచ్చేవాడు. అది నిజం, కాదనను. వచ్చి వేసి వెళ్ళేవాడు. అడగడం మాత్రం పోయింది.

"ఒక బిళ్ళ గ్లాసు కింద పడేస్తే పోయేదానికి ఎందుకన్నయ్యా ఈ గోల" అన్నాడు మా తమ్ముడు. ఒకసారి ఇచ్చినదానికి మళ్ళీ ఎందుకివ్వాలి? నేను ఇవ్వలేదు. వెళ్ళడమూ మానలేదు. నేరుగా యజమాని దగ్గరికే వెళ్ళాను.

"మీ సర్వరు మారు వేయమంటారా అని అడగటం లేదు."

"అన్నం చాలటం లేదా అండీ? కేకేస్తే వేస్తారు గదా."

"కేకేస్తే వేస్తున్నాడు. అడగటం లేదు అంటున్నాను."

ఆయన చేతిలో ఎవరిదో కార్డు ఉంది. దానికి చిల్లు పొడిచి ఇచ్చేశాడు. "అన్నం కావాల్సింది మీకు. అడగాల్సింది మీరా, ఆయనా?"

"ఆయనే."

"చూస్తాలెండి" అన్నాడు. నా వెనకున్న మనిషికి టిక్కెట్టు చించి ఇచ్చాడు. మళ్ళీ వారం అడిగాను. "చూస్తానన్నాగా" అన్నాడు. ఏమీ చూడలేదు.

మా వైపు తోట కాపు పిందె మీదే వ్యాపారికి అమ్మేస్తాం. అమ్మేటప్పుడు ఇంటి వాడకానికని ఒక చెట్టు మినహాయించుకుంటాం. ఆ చెట్టు మీద వ్యాపారి చెయ్యి వేయడు. మాకది బావి దగ్గర ఉన్న చిన్నరసాల చెట్టు. ఏ చెట్టు వదిలిపెట్టాలో ఏటా నా భార్యే చెప్పేది, ఏటా దాన్నే చెప్పేది. ఆ ఏడు వ్యాపారి అడిగినప్పుడు నోటికి అదే వచ్చింది. తినేవాళ్ళు లేరన్న సంగతి కాయ పక్వానికి వచ్చేదాకా తోచలేదు.

కోయించాను. అమ్మకం కాయకైతే ఎలా కోసినా అంత పట్టింపు ఉండదు గానీ, ఇంటి కాయని సొన అంటకుండా పొడుగ్గా తొడిమ వదిలి కోస్తాం. వరిగడ్డిలో మాగేశాను. ఇల్లంతా వాసన. నాకు ఒక్కటి కూడా తినాలనిపించలేదు. బుట్టకెత్తి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళి, భోజనాల హాల్లో అతని చేతికే ఇచ్చాను.

"మా ఇంటి చెట్టువి. నువ్వు తిను, మీ ఇంట్లోవాళ్ళకి పెట్టు."

అతను బుట్ట వైపు చూశాడు, కౌంటరు వైపు చూశాడు. "ఇప్పుడెందుకండీ ఇయ్యన్నీ" అన్నాడు. తీసుకుని లోపలికి వెళ్ళాడు.

మర్నాడు నా ఆకులో పెరుగన్నం ఉండగా అవతల బల్ల దగ్గర తలా ఒక పండు పెట్టుకుంటూ వస్తున్నాడు. పొడుగు తొడిమలు. అంత దూరం నుంచి కూడా తెలిసిపోయింది. లారీ డ్రైవరు ఒకాయన పండుని రెండు అరచేతుల మధ్య పిసికి, కొన కొరికి పీల్చి, "ఎక్కడి కాయయ్యా ఇది, బాగుంది, ఇంకోటి వెయ్యి" అన్నాడు. అతను ఇంకొకటి వేశాడు. తర్వాత మా బల్ల వైపు వచ్చాడు. బుట్ట చేతిలోనే ఉంది. అది కూడా నా బుట్టే. మా వరసలో ఎవరికీ పెట్టకుండా దాటిపోతున్నాడు.

"మాకు లేదా?" అన్నాను.

"కార్డుకి పండు లేదండీ. టిక్కెట్టు భోజనానికే."

"అవి నా చెట్టు కాయలు."

"తెలుసండీ."

"నీకని ఇచ్చాను."

అతను గొంతు తగ్గించాడు. "హాల్లో ఇచ్చారు గదండీ. కార్డులు వచ్చిన కాణ్ణించి హాల్లో ఎవరేమిచ్చినా కౌంటరుకి అప్పజెప్పాల. అందరికీ కలిపి సీజనయ్యాక పంచుతారంట. పళ్ళని అప్పటిదాకా ఎట్టా దాస్తారా అనుకున్నా, ఇదిగో ఇట్టా పంచేశారు." నవ్వబోయి ఆగాడు. "దొడ్డిదోవన వచ్చి ఇయ్యాల్సిందండీ."

నేను చెయ్యి కడుక్కోలేదు. అలాగే లేచి నిలబడ్డాను. "అది పోనీ. ఒక్క మాట చెప్పు. ఇంకొంచెం వేయమంటారా అని అడిగేవాడివి. గ్లాసు కింద చిల్లర కోసమేనా?"

"మజ్జిగా!" అని అవతల బల్ల నుంచి ఎవరో కేకేశారు. అతను వెళ్ళాడు. ఆ రోజు మళ్ళీ మా వైపు రాలేదు. నేను పెరుగన్నం ముందు నిలబడే ఉన్నాను. వెనకవాళ్ళు సీటు ఖాళీ అయిందనుకుని కూర్చున్నారు.

సీజను అయ్యేసరికి అతను బెజవాడ వెళ్ళిపోయాడు. కార్డుల వాటా అతనికి అందిందా అని యజమానిని అడిగాను. "మానేసినోళ్ళకి ఉండదండీ" అన్నాడు. ఆ ఒక్కదానికి మాత్రం వెంటనే జవాబు చెప్పాడు. కార్డు గళ్ళన్నీ అయిపోయాయి. ఇంకోటి కొనమన్నాడు. కొనలేదు.

కొనొచ్చా అని మా అల్లుడు నన్ను అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో ఇక్కడ చెబుతాను. తగ్గింపు నిజమే, అందులో మోసం లేదు. నాకు డబ్బు మిగిలింది. మిగిలిన డబ్బు ఏం చేశానో గుర్తు లేదు. సర్వర్లకి కూడా కొన్నాళ్ళు సమానంగానే పంచి ఉంటారు. ఇంటికెళితే తిన్నావా అని అడిగే మనిషి ఉన్నవాళ్ళు నిరభ్యంతరంగా కొనుక్కోవచ్చు. మా అల్లుడికి ఉంది. కొనుక్కోమనండి.

మరుసటి ఏడు బావి మోటారు కాలిపోతే లోపలి తీగ మళ్ళీ చుట్టించడానికి బెజవాడ వెళ్ళాను. నూజివీడు హోటలులో మిగిలిన సర్వరు ఒకతను చెప్పిన ఆనవాళ్ళు పట్టుకుని హోటలు వెతుక్కుంటూ వెళ్ళి, అతని బల్ల దగ్గరే కూర్చున్నాను. అతను ఆకు వేశాడు, నీళ్ళు చిలకరించాడు, అప్పుడు చూశాడు.

"బాబుగారా? ఇంత దూరం వచ్చారేంటండీ?"

"ముందే చెబుతున్నా. గ్లాసు కింద ఏమీ పెట్టను."

"ఇంకా ఆ కార్డు గోలేనా అండీ" అని నవ్వాడు. జుట్టు కొంచెం నెరిసింది. వడ్డించాడు. తింటూ ఉన్నాను. అక్కడ నూజివీడు కన్నా జనం ఎక్కువ. తినేవాళ్ళ కుర్చీల వెనకే మనిషికొకరు చొప్పున నిలబడి ఉన్నారు. అతను రెండో తడవ నా దగ్గరికి వచ్చాడు. నేను ఆకులోకి చూసుకుని, జవాబు సిద్ధం చేసుకుని తలెత్తాను. అతను అడగలేదు. అన్నం వేసేశాడు. దాని మీద పప్పు వేశాడు. నెయ్యి కూడా వేశాడు.

"నేను వేయమన్నానా?" అన్నాను.

"అన్లేదండీ."

"మరి అడగలేదేం? అప్పట్లో అడిగేవాడివి. అది డబ్బుల కోసమా, నా కోసమా? చెప్పు, విని వెళ్ళిపోతాను."

అతను గరిటె బేసినులో పెట్టాడు. ఏదో చెప్పబోతున్నట్టే ఉన్నాడు. నా కుర్చీ వెనక నిలబడ్డ మనిషి దగ్గాడు.

"ముందు తినండి బాబుగారూ. వెనక జనం నిలబడ్డారు."

తిన్నాను. ఆకులో ఏమీ మిగల్చలేదు. గ్లాసు కింద ఏమీ పెట్టలేదు. బయట చాలాసేపు ఉన్నాను గానీ, జనం తగ్గలేదు. మోటారు తీసుకుని ఆఖరి బస్సుకి వచ్చేశాను. తర్వాత వెళ్ళినప్పుడు ఆ హోటలు లేదు, బట్టల కొట్టు ఉంది.

ఇప్పుడు నా వెనక ఎవరూ నిలబడి లేరు. నువ్వెక్కడున్నా సరే, నీకు ఎవరైనా ఇది చదివి వినిపించినా సరే. డబ్బుల కోసమే అయితే డబ్బుల కోసమే అని చెప్పు, నేనేమీ అనుకోను. కాకపోతే కాదని చెప్పు. కానీ చెప్పు.