టామ్ కింద చెప్పుముక్కలు

బాన్సువాడలో మా చర్చిలో డ్రమ్స్ వాయించేది నేనే. ఆ సెట్టులో మూడు ఇనుప కాళ్ల మీద నిలబడే టామ్ అనే పెద్ద డ్రమ్ము ఒకటుంది. దాన్ని చేత్తో పైకెత్తి కొడితే గుమ్మని మోగేది. చెక్క వేదిక మీద పెట్టి కొడితే మాత్రం వడ్ల బస్తాను గుద్దినట్టు దబ్బుమనేది. చుట్టూ ఉన్న బోల్టులు బిగించాను, వదులు చేశాను, పైనున్న ప్లాస్టిక్ తోలు కూడా మార్చాను. ఏం చేసినా అంతే. తిక్క రేగి దాన్ని ఒక తన్ను తన్నాను కూడా.

చివరికి ఫోన్‌లో ఒక వీడియో చూశాను. కాళ్లు చెక్కకు గట్టిగా ఆనితే మోత చెక్కలోకి దిగిపోతుందట, కింద మెత్తటిదేదైనా పెట్టాలట. పాత హవాయి చెప్పు కోసి మూడు కాళ్ల కిందా ముక్కలు పెట్టాను. ఆ ఆదివారం టామ్ పాడిందంటే పాడింది! కీబోర్డు కోసం పిట్లం నుంచి వచ్చే అన్న ఆశ్చర్యపోయాడు.

"ఏం జేసినవ్ చెల్లె, కొత్తది కొన్నవా?"

నాకు కావలసింది మాత్రం బాపు మాట, అంటే మా నాన్న మాట. జీవితమంతా డప్పు కొట్టినవాడు, నాకు దరువు నేర్పినవాడు. కింద కూర్చోలేక వేదిక అంచున, నాకు వీపు పెట్టి కూర్చుంటాడు. ఆరాధన అయ్యాక నావైపు తిరిగాడు.

"ఏంది బిడ్డా, ఇయ్యాల గా పెద్దదాన్ని ముట్టుకోనే లేదు?"

ఎగతాళి అనుకున్నాను. నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చు కదా, ఇదెక్కడి మాట? వారమంతా ముభావంగా ఉన్నాను.

మరుసటి ఆదివారం పాస్టరమ్మ కంట ఆ ముక్కలు పడ్డాయి.

"చెప్పులు బయట ఇడిశి రమ్మంటే, కోసుకొని దేవుని ముందటికి తెచ్చినవా? తియ్యి ఫస్టు!"

తీసేశాను. మళ్లీ దబ్బు దబ్బు. సిగ్గుతో చచ్చిపోయాను. పిట్లం అన్న మొహం ముడుచుకున్నాడు. బాపు మాత్రం అరచెయ్యి వేదిక చెక్కకు ఆనించి తల ఊపుతున్నాడు. అయిపోగానే నవ్వుతూ నావైపు తిరిగాడు.

"గిట్ల కొట్టాలె బిడ్డా! ఎంత మంచిగ మోగింది!"

నాకేమీ అర్థం కాలేదు. మోగినదాన్ని కొట్టలేదంటాడు, మోగనిదాన్ని మోగిందంటాడు. అడిగేద్దామని కర్రలు సంచిలో పడేసి వెనకాలే పరుగెత్తాను. గేటు దగ్గర దాదాపు అందుకుని "బాపూ" అన్నాను. తిరగలేదు. నాకు భయమేసింది. గొంతు చించుకుని మళ్లీ పిలిచాను. గేటు దగ్గరున్న వాళ్లంతా తిరిగి చూశారు. బాపు ఒక్కడే నడుస్తూ పోతున్నాడు.