ఇంటి వెనక ఉప్పుగడ్డ

కొండ మీది నేషనల్ పార్కులో మా బాబాయి ముప్పై ఏళ్లుగా కాపలాదారు. మా తాత అదే కొండల్లో వేటగాడు. పార్కు పెట్టిన ఏడాది తాత చేతిలోంచి తుపాకి లాక్కుని ఖాకీ చొక్కా ఇచ్చారు. తాతలాంటి వాళ్ల పుణ్యమా అని అప్పటికి కొండమేకలు పదకొండే మిగిలాయి. వాటిని రెండొందలు దాటించింది మాత్రం బాబాయే. ఆ సంగతి ఎత్తితే ఆయనకు అన్నం కూడా గుర్తుండేది కాదు.

ఏటా వేసవిలో శిఖరం దాకా ఎక్కి మేకల్ని లెక్కపెట్టాలి. మోకాలు మొరాయించాక బాబాయి పార్కు హద్దులోని మా ఇంటి వెనక ఒక ఉప్పుగడ్డ పెట్టాడు. కొండమేకలకు ఉప్పంటే ప్రాణం. వాటంతటవే దిగొచ్చాయి. ఈయన కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, టీ తాగుతూ లెక్క రాసుకున్నాడు.

"తెలివుండాలే, పిచ్చిమొహమా!" అన్నాడు నాతో. గేటు దగ్గర టిక్కెట్లు చింపే నేను పకపకా నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ఎందుకంటే అదే గడ్డని పిన్ని పెంచుకునే మేకలూ నాకేవి. వాటి కళ్లు పుసులు కట్టి ఉన్నాయి. మరుసటి వేసవికి పిన్ని మేకలు తేరుకున్నాయి; కొండమేకలు మాత్రం చూపుపోయి బండల మీంచి జారిపడసాగాయి.

పశువుల డాక్టరమ్మ వచ్చింది. "ఇది పెంపుడు మేకల జబ్బు. కొండమేకలూ అవీ ఎక్కడ కలిశాయో తెలిస్తే ఆపగలను," అంది.

బాబాయి నేలచూపులు చూశాడు. ఉద్యోగం, పరువు రెండూ పోతాయని ఆ సాయంత్రమే గడ్డని అక్కడే పూడ్చిపెట్టాడు. నాకు తెలుసు. నేనూ నోరు మెదపలేదు. డాక్టరమ్మ తొమ్మిది రోజులు కొండంతా గాలించింది. రోజూ మా ఇంటికొచ్చి టీ తాగి, బాబాయి లాంటి వాళ్లు అరుదని మెచ్చుకుని వెళ్లేది.

పదో రోజు ఆమె టీ తాగుతుండగా కిటికీ అవతలికి ఒక కొండమేక పిల్ల వచ్చింది. దాని కళ్లు రెండూ మూసుకుపోయాయి. వాసన పట్టుకుంటూ వచ్చి, పూడ్చిన చోట మట్టి నాకసాగింది.

బాబాయి గ్లాసు కింద పెట్టాడు.

"రండమ్మా, చూపిస్తాను."

ఆయన వట్టి చేతులతో తవ్వాడు. నాలుకలకు అరిగి గుంటలు పడిన ఉప్పుగడ్డ బయటపడింది.

"నేనే పెట్టాను. ఎక్కలేక."

"ఇదే కారణమని ఎప్పుడు తెలిసింది మీకు?"

ఇప్పుడే అని అబద్ధమాడొచ్చు. "మీరొచ్చిన రోజే," అన్నాడు.



"ఈ తొమ్మిది రోజుల్లో ఎన్ని పోయాయి?"

లోయలోంచి ఒక్కొక్కదాన్నీ ఈడ్చుకొచ్చింది ఆయనే కనుక కాగితం చూడక్కర్లేకపోయింది.

"పదకొండు," అన్నాడు బాబాయి.